సౌనాలో నిక్కరు

మధ్యవేసవి పండగనాటి పొద్దున హిల్యా వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. రాత్రంతా పొయ్యిలో మగ్గిన చేపల రొట్టెను గుడ్డలో చుట్టి కారు వెనక సీట్లో పెట్టాలి. కొడుకు యల్మారిని స్టీరింగు ముందు కూర్చోబెట్టాలి. సరస్సు చుట్టూ తిరిగి, అవతలి ఒడ్డున ఉన్న విర్పి వాళ్ళ ఇంటికి భోజనం వేళకి చేరాలి. సాయంత్రం సౌనాలో, అంటే ఆవిరి గదిలో, స్నానాలు అయ్యాక, ఒడ్డున నెగడు వెలిగించేటప్పుడు, ఆ పిల్ల తండ్రి నోటివెంట నిశ్చితార్థం మాట అనిపించుకోవాలి. కాఫీ తాగి ఇంటికొచ్చి పడుకోవాలి. ఇందులో ఎక్కడా అంబులెన్సు లేదు.

పథకానికి ఒకే ఒక్క అడ్డుంది. అది యల్మారి కుడి గజ్జలో ఉంది.

యల్మారికి ముప్పై ఎనిమిదేళ్ళు. ఊరూరూ తిరిగే లైబ్రరీ బస్సు నడుపుతాడు. పుస్తకం ఎవరైనా ఆలస్యంగా తిరిగిస్తే తానే క్షమాపణ చెప్పుకునేంత నెమ్మదస్తుడు. ఏప్రిల్లో సరస్సు మీద మంచు కరగ్గానే పడవను ఒక్కడే నీళ్ళలోకి తోశాడు. మర్నాటి నుంచి దగ్గు వచ్చినప్పుడల్లా అతని కుడిచెయ్యి జేబులోకి పోవడం మొదలైంది. ఇంకో తల్లయితే గమనించేది కాదేమో. హిల్యా అలాంటిలాంటి తల్లి కాదు. కొడుకు తుమ్మితే న్యుమోనియా అనీ, ఫోను ఎత్తడం ఆలస్యమైతే బస్సు బోల్తా పడిందనీ ముందుగా అనుకుని, తర్వాత తీరిగ్గా ఊపిరి పీల్చుకునే మనిషి. "దగ్గితే నోటికి కదరా చెయ్యి అడ్డం పెట్టుకోవాలి, జేబులో ఏం పనిరా దానికి?" అని నిలదీసి, నిజం కక్కించి, సాయంత్రానికల్లా హెల్త్ సెంటర్లో కూర్చోబెట్టింది.

"పేషెంటు ఎవరు?" అంది డాక్టరమ్మ, లోపలికొచ్చిన ఇద్దర్నీ చూసి.

"మేమే," అంది హిల్యా.

డాక్టరమ్మ ఓపికస్తురాలు. యల్మారిని నిలబెట్టి దగ్గమంది, పడుకోబెట్టి దగ్గమంది, లేపి మళ్ళీ దగ్గమంది. ప్రతి దగ్గుకీ హిల్యా కూడా దగ్గింది. ఆ తర్వాత డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది.

"పొట్ట గోడంటే ఒకే పొర కాదమ్మా. పక్కల్లో మూడు కండలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఒకటి ఇటు ఏటవాలు, ఒకటి అటు ఏటవాలు, మూడోది అడ్డం. ప్లైవుడ్ చెక్కలాగా. అందుకే గట్టిగా ఉంటుంది. కానీ గజ్జ దగ్గర మగవాళ్ళకి ఆ గోడలోంచి ఒక సన్నటి దారి ఉంటుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు బీజాలు పొట్టలోంచి కిందికి దిగేది ఆ దారినే. దిగాక తలుపు మూసుకోవాలి. కొందరికి సరిగ్గా మూసుకోదు. ఎప్పుడో బరువెత్తినప్పుడు పేగు అందులోంచి తొంగిచూస్తుంది. హెర్నియా అంటే అదే."

"తల్లి కడుపులో ఉన్నప్పుడా?" అంది హిల్యా. "ఆ తలుపు వెయ్యాల్సింది నేనా?"

"కాదమ్మా. అది దానంతటదే..."

"ఏడో నెలలో బంగాళాదుంపల బస్తా ఎత్తాను. మా అత్తగారు ఎత్తమంది."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "మీ అబ్బాయి పడుకుంటే అది లోపలికి పోతోంది. కాబట్టి కంగారు లేదు. ఆగస్టులో ఆపరేషను చేసి సందు మూసేద్దాం. అంతవరకూ బరువులు ఎత్తకూడదు. అది లోపలికి పోకుండా బిగుసుకుపోయి, నొప్పి, వాంతులు వస్తే మాత్రం వెంటనే రావాలి. పేగుకి రక్తం అందక కుళ్ళిపోయే ప్రమాదం ఉంటుంది."

ఇంతసేపు చెప్పినదాంట్లో హిల్యా ఇంటికి మోసుకొచ్చిన మాట ఒక్కటే: కుళ్ళిపోవడం.

ఇంకో భయం కూడా ఉంది ఆవిడకి. విర్పి తండ్రి తావెట్టికి నలభై ఆవులు, ఒక్కగానొక్క కూతురు. పాడి పని ఆ పిల్లే చూసుకుంటుంది. పని పంచుకోగల అల్లుడు కావాలని ఆయన పట్టు. రెండేళ్ళ కిందట పట్నం నుంచి ఓ బ్యాంకు ఉద్యోగి పెళ్ళిచూపులకని వచ్చి, తావెట్టితో కలిసి సౌనాలో కూర్చుని, మూడో గరిటె నీళ్ళు పొయ్యి మీది వేడి రాళ్ళ మీద పడగానే బయటికి పరిగెత్తి, కారెక్కి మళ్ళీ కనపడలేదు. వేడికి తట్టుకోలేకపోయాడని సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ నవ్వుకున్నాయి. ముసలాయన అల్లుళ్ళను సౌనాలోనే వడపోస్తాడని పేరు పడిపోయింది. మరి సౌనాలో ఒంటి మీద గుడ్డముక్క ఉండదు కదా. తన బిడ్డ గజ్జలో కోడిగుడ్డంత వాపు చూస్తే ఆయన ఊరుకుంటాడా? పాల క్యాను ఎత్తలేని అల్లుడు నాకెందుకంటాడు. ఈ సంబంధం తప్పితే మరొకటి దొరకదు. తను పోయాక యల్మారి ఒంటరిగా, దగ్గుకుంటూ, జేబులో చెయ్యి పెట్టుకుని చచ్చిపోతాడు. హిల్యా ఊహలకి ఆఖరి మజిలీ ఎప్పుడూ శ్మశానమే.

"అందుకని వాపు అణిచే ఈ బెల్టు పెట్టుకో. దాని మీద ఈత నిక్కరు వేసుకో. సౌనాలో కూడా విప్పకు," అంది కారులో.

యల్మారి బ్రేకు వేశాడు. "సౌనాకి నిక్కరుతోనా? అమ్మా, అంతకంటే చర్చికి నిక్కరు లేకుండా వెళ్ళడం నయం."

"నా మాట విను."

"ఏమని చెప్పమంటావే వాళ్ళకి?"

"చెప్పేది నేను. నువ్వు నోరు మూసుకుని చెమట కార్చు. చాలు."

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో జరుగుతున్నదీ అదే కనుక యల్మారి మళ్ళీ గేరు వేశాడు.

విర్పి వాళ్ళ ఇంటి ముందు పండగకి బిర్చి చెట్టు కొమ్మలు కట్టారు. తావెట్టి వరండాలో జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. భుజాలు తలుపు వెడల్పున్నాయి. ఆయన భార్య రౌహా ఎదురొచ్చి హిల్యా చేతులు పట్టుకుంది.

"రండి వదినగారూ, రండి! ఎండ కూడా మీతోపాటే వచ్చింది చూడండి. బాబూ యల్మారీ, ఆ బీరు పెట్టెలు కాస్త..."

రౌహా మాట పూర్తికాలేదు. హిల్యా కొడుకుని పక్కకి నెట్టి రెండు పెట్టెలూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఎత్తేసింది.

"అయ్యయ్యో, మీరెందుకండీ!" అంది రౌహా.

"వాడికి భుజం పట్టేసింది వదినగారూ. స్టీరింగు తిప్పి తిప్పి."

"అవునా? మా ఆయనకీ నడుం పట్టేసింది. అందుకే ఆయన్ని ఏదీ ముట్టుకోనివ్వట్లేదు," అంది రౌహా తొందరగా. ఒక పెట్టె తను లాక్కుంది.

అలా మొదలైంది. సౌనాకి నీళ్ళు కావాలన్నారు. యల్మారి వంగబోయేసరికి హిల్యా బిందెల మీద పడింది. పాల క్యానును చల్లగా ఉండడానికి బావి గదిలోకి దింపాలన్నారు. తావెట్టి ఒక అడుగు వేసేసరికి రౌహా దాని మెడ పట్టుకుంది, వదినగారి మర్యాదకి హిల్యా దాని అడుగు పట్టుకుంది. నెగడు కోసం దుంగలు ఒడ్డుకి చేరవెయ్యాలన్నారు. దుంగలకి ఆ చివరా ఈ చివరా ఇద్దరు ఆడవాళ్ళు, జేబుల్లో చేతులు పెట్టుకుని వెనకాలే ఇద్దరు మగవాళ్ళు. వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు.

'ఏం మొగుడమ్మా! ఇంత లావు మనిషి, పెళ్ళాం దుంగ మోస్తుంటే చూస్తూ నించున్నాడు' అనుకుంది హిల్యా. తన కొడుకు కూడా అక్కడే నించున్నాడన్న సంగతి ఆవిడ లెక్కలోకి రాలేదు. వాడిది జబ్బు, ఆయనది బద్ధకం.

పశువుల కొట్టం గుమ్మంలో నిలబడి విర్పి ఈ ఊరేగింపును చూసింది. పొడుగాటి రబ్బరు బూట్లు, మోచేతుల దాకా మడిచిన చొక్కా. "నాన్నా, ఏంటిది? ఇద్దరూ రాజుల్లా నడుస్తున్నారు?" అని కేకేసింది.

"ఆడవాళ్ళ సరదాని మనమెందుకు కాదనాలే!" అన్నాడు తావెట్టి.

మూడో దుంగ దగ్గర హిల్యాకి కుడి గజ్జలో సూది దిగినట్టయింది. చెయ్యి పెట్టి చూస్తే గోలీ అంత ముద్ద తగిలింది. దోమ కుట్టి ఉంటుంది అనుకుంది. కొడుక్కీ అదే పక్క కదా, కన్నపేగు బాధ అలా తెలుస్తుంది కాబోలు అని కూడా అనుకుంది. తన ఒంటికి వచ్చిన దేన్నయినా నమ్మకపోవడం, కొడుకు ఒంటికి రానిదాన్ని కూడా నమ్మడం ఆవిడకి అలవాటు.

సాయంత్రం సౌనాలో మొదట ఆడవాళ్ళ వంతు. విర్పి పాలు పిండడానికి పోయింది. హిల్యా, రౌహా పై బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. సౌనాకి ఒక మర్యాద ఉంది: ఒకరి ఒంటి వైపు ఒకరు చూడరు, కళ్ళబడినా బయట చెప్పరు. ఇద్దరూ పొయ్యి వైపే చూస్తూ మాట్లాడుకున్నారు. ఇదే అదను అనుకుంది హిల్యా.

"వదినగారూ, మీతో ఓ మాట. మావాడు సౌనాకి నిక్కరుతో వస్తాడు. ఏమీ అనుకోకూడదు."

రౌహా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవిడ ముఖంలో కోపం రావాల్సిన చోట ఎందుకో కాస్త నిమ్మళం కనిపించింది. కానీ వెంటనే సర్దుకుని, "నిక్కరా! ఏం, ఎందుకు?" అంది.

"చర్మానికి ఏదో... చిన్న ఇదిలెండి."

"అంటుకునేదా?" రౌహా బల్ల మీద రెండు జానలు పక్కకి జరిగింది. "ఆ బల్ల మీదే మా ఆయన కూర్చుంటాడు! ఊళ్ళో సగంమంది కూర్చుంటారు! పోయినేడు మా అక్క మనవడికి గజ్జి వస్తే ఈ బల్లలన్నీ రోజంతా సబ్బు పెట్టి తోమాను వదినగారూ! ఉండండి, డాక్టరుగారికి ఫోను..."

"అయ్యో, కాదు కాదు! జబ్బు కాదు!" హిల్యాకి ఆవిరిలో కూడా చెమట పట్టినట్టు తెలిసింది. "నేను సరిగ్గా చెప్పలేదు. అదీ... పచ్చబొట్టు."

"పచ్చబొట్టా? దానికి నిక్కరెందుకు? మా పాలవ్యాను కుర్రాడికి వీపంతా చేపే ఉంది."

"ఇది వీపు మీద కాదు."

రౌహా ఆలోచించింది. గరిటెతో నీళ్ళు పోసింది. రాళ్ళు బుస్సుమన్నాయి. ఆ ఆవిరిలోంచి మెల్లగా ప్రశ్న వచ్చింది. "ఏముంది అందులో?"

"పేరు."

"ఎవరి పేరు?"

హిల్యా అప్పుడైనా విర్పి పేరు చెప్పి ఉండవచ్చు. యాభై ఏళ్ళ చర్చి సావాసం వల్లనో, భయం వల్లనో, ఆ పేరు నోటికి రాలేదు. ఇంకో ఆడదాని పేరంటే సంబంధం ఇక్కడే తెగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండూ తనే తవ్వుకుంది.

"నాదే," అంది.

రౌహా గరిటెను మెల్లగా బిందెలో పెట్టేసింది.

"మీ పేరు," అంది రౌహా చివరికి. "అక్కడ."

"చిన్నప్పుడు వేయించుకున్నాడు. అమ్మంటే వల్లమాలిన ప్రేమ."

రౌహా అనుమానించలేదు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఈ తల్లీకొడుకుల్ని పొద్దున్నుంచీ చూసినదానికి ఇది బాగా అతికినట్టు, తల ఊపి ఊరుకుంది. అబద్ధం పారినందుకు హిల్యా సంతోషించాలి. అంత సులువుగా ఎలా పారిందా అని మాత్రం మనసులో ఎక్కడో కలుక్కుమంది.

ఒళ్ళు కడుక్కుని బయటికొచ్చేసరికి రౌహా మొగుడి చెవిలో ఏదో ఊదడం కనిపించింది. తావెట్టి కళ్ళు పెద్దవయ్యాయి. హిల్యా వైపు తిరిగి, ఎవరైనా పోయిన ఇంట్లో తల ఊపినట్టు గౌరవంగా ఊపాడు. తర్వాత యల్మారి భుజం మీద చెయ్యి వేసి, "పదవోయ్ బాబూ. నా దగ్గర సిగ్గేం పెట్టుకోకు. మనుషులన్నాక రకరకాల తల్లులు," అంటూ సౌనాలోకి తీసుకెళ్ళాడు.

హిల్యా పూలు కోసే నెపంతో సౌనా వెనక్కి చేరింది. గోడకి గాలి కోసం చిన్న కంత ఉంది. చెవి అక్కడ పెట్టింది. గజ్జలో సూది ఇప్పుడు సూదిలా లేదు, మేకులా ఉంది. కడుపులో కూడా తిప్పుతోంది. భయం వల్లే అనుకుంది.

లోపల బల్ల కిర్రుమంది. తర్వాత తావెట్టి గొంతు. "ఏంటోయ్, నిక్కరు కింద ఆ బెల్టు! నువ్వు కూడా!"

"మీరు కూడానా!" అన్నాడు యల్మారి.

"ముందు నువ్వు తియ్యి."

"మీరు పెద్దవారండీ. మీరే కానివ్వండి."

గుడ్డ జారిన చప్పుడు. ఆ తర్వాత యల్మారి గొంతు, జన్మలో లేనంత గట్టిగా: "అమ్మ బాబోయ్! ఇంతుందేమిటిది!"

హిల్యా చేతిలో పూలు నేల రాలాయి.

"పడుకుంటే లోపలికి పోతుందా?" యల్మారి.

"ఎక్కడ పోతుందీ! అడ్డం తిరిగి కూర్చుంది. కొంచెం తొయ్యి చూద్దాం."

"తొయ్యకూడదండీ! పేగు కుళ్ళిపోతుందట!"

ఎవరి పేగన్నది హిల్యా చెవికెక్కలేదు, కుళ్ళడమన్న మాట ఒక్కటే చాలు. ఫోను తీసి అత్యవసర నంబరు నొక్కింది. "మా అబ్బాయి! పేగు బయటికి వచ్చేసింది! ఒక రైతు దాన్ని చేత్తో తోస్తున్నాడు! సౌనాలో! తొందరగా రండి, కుళ్ళిపోతోంది!"

అవతలి మనిషి అడ్రసు అడుగుతుండగానే వెనక నుంచి విర్పి వచ్చింది. చేతిలో ఖాళీ పాల బకెట్టు. "ఏమైందండీ?"

"నిన్ను మోసం చేశామే తల్లీ!" హిల్యా బావురుమంది. "వాడికి భుజం నొప్పి లేదు, పచ్చబొట్టు లేదు. హెర్నియా!"

"కుడి గజ్జలో. తెలుసు కదండీ," అంది విర్పి. "ఏప్రిల్ నుంచీ ఉంది. పచ్చబొట్టేంటి?"

హిల్యా ఏడుపు సగంలో ఆగింది. "నీకెలా తెలుసు?"

విర్పి బకెట్టును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "లైబ్రరీ బస్సు మా ఊళ్ళో మధ్యాహ్నమంతా ఆగుతుందండీ," అంది. "పుస్తకాలు తీసుకునేవాళ్ళు తక్కువ."

ఈ సంగతి మీద తీరిగ్గా గుండె పగలడానికి హిల్యాకి సమయం లేదు. సౌనా తలుపు తోసుకుని లోపల పడింది. ఇద్దరు మగవాళ్ళూ కెవ్వుమని, సౌనాలో ఒళ్ళు చరుచుకునే బిర్చి రెమ్మల కట్ట చెరొకటి అడ్డం పెట్టుకున్నారు. మేకుకి రెండు ఈత నిక్కర్లు వేలాడుతున్నాయి. ఒకటి యల్మారిది, నీలంది. రెండోది పూలపూలది, గుడారమంత ఉంది. బల్ల మీద వెల్లకిలా పడుకున్నది యల్మారి కాదు, తావెట్టి. బిర్చి కట్ట ఎంత పెద్దదైనా ఆయన సంగతి దాని వెనక పట్టలేదు. యల్మారి గజ్జలోది కోడిగుడ్డయితే, ఇది రొట్టెల దుకాణం వాడు పొంగడానికి పెట్టిన పిండిముద్ద.

"నడుం నొప్పన్నారు!" అంది హిల్యా, పరిగెత్తుకొచ్చిన రౌహా వైపు తిరిగి.

"పచ్చబొట్టన్నారు!" అంది రౌహా.

"దుంగలు మోయించారు నాచేత!"

"మీరు మోస్తుంటే నేను మోయకపోతే బాగుంటుందా? నేను మోయకపోతే ఆయన మోస్తాడు, మోస్తే ఇది ఇంకా జారుతుంది! పదకొండేళ్ళుగా డాక్టరు దగ్గరికి వెళ్ళమంటుంటే వినడు. ఇవాళైనా నిక్కరు వేసుకోవయ్యా, అల్లుడు జడుసుకుంటాడు అని నేనే కొనిచ్చాను."

"కత్తంటే భయం నాకు," అన్నాడు తావెట్టి పడుకునే. "మరి అసలు సంగతి కూడా వినండి. ఆ బ్యాంకువాడు వేడికి పారిపోలేదు. నేను గరిటె కోసం లేచి నించున్నాను. వాడు దీన్ని చూశాడు. ఈయనకి ఇలా ఉంటే నలభై ఆవులూ నా నెత్తినే పడతాయని లెక్క కట్టి ఉంటాడు, బ్యాంకువాడు కదా. రెండేళ్ళుగా వేడి మీదికి నెట్టేస్తున్నాం. ఈ అబ్బాయి కూడా పోతాడేమోనని పొద్దున్నుంచీ నాకు అన్నం సయించలేదు."

"నేనెక్కడికీ పోనండీ," అన్నాడు యల్మారి, బిర్చి ఆకుల వెనక నుంచి.

ఇంతలో సైరను వినిపించింది.

అంబులెన్సు దిగినామె పొట్టిగా, గట్టిగా, పండగరోజు డ్యూటీ పడిన ముఖంతో ఉంది. పొద్దున్నుంచీ తాగి పడవల్లోంచి పడ్డవాళ్ళను ఏరుతోంది. "పేగు బయటికొచ్చింది ఎవరికి?" అంది.

నలుగురు నాలుగు వైపులకి వేళ్ళు చూపించారు.

ఆమె తువ్వాళ్ళు చుట్టుకున్న ఇద్దరినీ వరండాలో బెంచీల మీద పడుకోబెట్టి చూసింది. యల్మారిది చేత్తో ముట్టకుండానే లోపలికి పోయింది. తావెట్టిది పోలేదు గానీ మెత్తగా ఉంది, నొప్పి లేదు, పాతది. "మీరు సోమవారం హాస్పిటల్‌కి వెళ్తారు. ఈయన ఆగస్టులో వెళ్తాడు. దీనికి అంబులెన్సును పిలిచిన మహాతల్లి ఎవరో నేను అడగను. అడిగితే పద్ధతిగా మాట్లాడలేను," అని సంచీ సర్దుకుంది.

యల్మారి మర్యాదస్తుడు. "క్షమించండి, నేను అందిస్తాను," అని ఆ బరువైన సంచీ వైపు వంగాడు.

"నువ్వు ఎత్తకురా!" అని హిల్యా ఎగిరి దాని మీద పడింది. ఎత్తింది కూడా. అక్కడి నుంచి రెండు అడుగులు వేసి, సంచీ వదిలేసి, గజ్జ పట్టుకుని, రౌహా పెంచుకుంటున్న పియోనీ పూల మొక్కల్లోకి భళ్ళున వాంతి చేసుకుంది.

"పడుకోండి," అంది అంబులెన్సామె. గొంతు మారిపోయింది. "ఎక్కడ నొప్పి?"

"ఎక్కడా లేదు. దోమ కుట్టింది. ముందు మావాణ్ణి..."

"గజ్జ మడత కింద, కుడిపక్క, నిమ్మకాయంత ఉంది," అంది రౌహా. "సౌనాలో చూశాను."

"చూసి చెప్పలేదా వదినగారూ!"

"సౌనాలో చూసింది బయట చెప్తారా ఎవరైనా?" రౌహా నొచ్చుకుంది. "మా గురించి ఏమనుకున్నారు మీరు?"

అంబులెన్సామె వేళ్ళతో నొక్కి చూసింది. ముద్ద రాయిలా ఉంది, కదల్లేదు. హిల్యా అరిచిన అరుపుకి సరస్సు మీద బాతులు లేచాయి. "మగవాళ్ళకి సాధారణంగా మడత పైన వస్తుందమ్మా. ఇది మడత కింద. కాలికి రక్తనాళాలు పోయే చోట పక్కనే చిన్న రంధ్రం ఉంటుంది. పెద్ద వయసు ఆడవాళ్ళకే ఎక్కువగా అక్కడ దిగుతుంది. చూడ్డానికి చిన్నదే, కానీ అంచులు గట్టివి, దూరిన పేగును వదలవు. ఇది ఆగస్టు దాకా ఆగే రకం కాదు. ఈపూటే కొయ్యాలి." డ్రైవరుకి స్ట్రెచరు తెమ్మని సైగ చేసింది.

యల్మారి, తావెట్టి ఇద్దరూ ఒక్కసారిగా తువ్వాళ్ళతో స్ట్రెచరు మీదికి వంగారు.

"ముట్టుకున్నారంటే ముగ్గుర్నీ ఎక్కించాల్సొస్తుంది!" అని అరిచిందామె. చివరికి స్ట్రెచరు ఒక కొస డ్రైవరు పట్టుకున్నాడు, రెండో కొస విర్పి పాల బకెట్టు ఎత్తినంత తేలిగ్గా ఎత్తింది. ఆ చేతుల వంక హిల్యా పడుకుని చూసింది. తను పోయినా యల్మారికి పరవాలేదేమోనని మొదటిసారి అనిపించింది. ఆ ఆలోచన ఊరటగా లేదు.

అంబులెన్సు తలుపు మూసేలోగా తల ఎత్తింది. "అన్నయ్యగారూ, ఇంతకీ సంబంధం మాటేమిటి?"

"ఖాయం చెల్లెమ్మా, ఖాయం!" అన్నాడు తావెట్టి, తువ్వాలు పట్టుకుని. "అబ్బాయి సంగతి అటుంచు. రెండు బీరు పెట్టెలు ఒక్క దెబ్బకి ఎత్తిన వియ్యపురాల్ని ఎవడు వదులుకుంటాడు?"

ఆపరేషను బాగా జరిగింది. పేగు నల్లబడింది గానీ పోలేదు, సర్జను కాసేపు చూసి, రంగు తిరిగాక లోపలికి పెట్టి, సందు మూసేసింది. మర్నాడు యల్మారి, విర్పి ఉంగరాలతో వచ్చి చూసి వెళ్ళారు. యల్మారి ముఖం కళకళలాడుతోంది. రాత్రి తల్లి లేని ఇంట్లో కాకుండా విర్పి వాళ్ళ ఇంట్లో పడుకున్నాడట, ఏమీ కాలేదట. ఏమీ కాకపోవడం హిల్యాకి నచ్చలేదు. ఆరువారాలు బరువులెత్తకూడదని సర్జను చెప్పింది. ఎత్తి ఇవ్వడానికి ఇక కొడుకు ఇంట్లో ఉండడని ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేకపోయింది.

వాళ్ళు వెళ్ళాక పక్క మంచం మీది ముసలావిడ పలకరించింది. "ఏం ఆపరేషనమ్మా నీకు?"

గజ్జలో అని ఎలా చెప్పడం, పరాయి మనిషికి? హిల్యా దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. "గుండె," అంది.

ముసలావిడ అయ్యో అంది. అన్నం తెచ్చిన అమ్మాయితో చెప్పింది. ఆ అమ్మాయి ఉప్పు లేని చారు తెచ్చి, కాఫీ తీసేసుకుని, నర్సుతో చెప్పింది. కొత్తగా డ్యూటీకి వచ్చిన నర్సు ఎందుకైనా మంచిదని పైకి ఫోను చేసింది. సాయంత్రానికి గుండె డాక్టరుగారు ఇద్దరు శిష్యులతో, చక్రాల యంత్రంతో హిల్యా మంచం పక్కన నిలబడి, "నొప్పి ఎప్పటి నుంచి?" అని అడుగుతున్నారు.

సర్జను కుట్టి మూసింది గజ్జలో సందును మాత్రమే, నోటిని కాదు.